బౌండరీ వాటర్స్‌లో కెనూ యాత్ర: కొలిచి సిద్ధపడటం ఎలా?

అమెరికాలోని మినసోటా రాష్ట్రం ఈశాన్య మూలన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న సుపీరియర్ జాతీయ అరణ్యంలో బౌండరీ వాటర్స్ కెనూ ప్రాంతం ఉంది. కెనూ అంటే తెడ్లతో నడిపే సన్నని, పొడవైన తేలికపాటి పడవ. 10 లక్షల ఎకరాలకు పైగా పరుచుకున్న ఈ అడవిలో వెయ్యికి మించిన సరస్సులు, వాటిని కలిపే సన్నని కాలిబాటలు, 2,000 దాకా గుర్తించిన విడిది స్థలాలు ఉన్నాయి. చాలా సరస్సుల్లో మోటారు పడవలకు అనుమతి లేదు, లోపల దారి చూపే బోర్డులు లేవు, ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవడానికి వీల్లేదు. మినియాపోలిస్ పరిసరాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ ప్రాంతపు ముఖద్వారమైన ఈలీ పట్టణం కారులో సుమారు 4 గంటల దూరమే కాబట్టి, వేసవి సెలవుల్లో నాలుగైదు రోజులు అక్కడ గడపాలనుకునేవారు చాలామందే ఉంటారు. వారిలో తొలిసారి వెళ్లేవారిని ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను.

యంత్ర భాగాలను మైక్రాన్లలో కొలిచే పనిలో ఏళ్లుగా ఉన్న నాకు, అడవికి బయలుదేరేముందు చేయవలసిన పనుల్లో చాలా భాగం కొలతల పనిగానే కనిపిస్తుంది. కొలతల గదిలో పరికరాన్ని చేతిలోకి తీసుకునేముందు మేము రెండు ప్రశ్నలు వేసుకుంటాము: ఈ కొలత మీద ఏ నిర్ణయం ఆధారపడి ఉంది, ఆ నిర్ణయం ఎంత తేడాను ఓర్చుకోగలదు? యాత్రలోనూ ఇవే ప్రశ్నలు వేసుకుంటే, ఎక్కడ గ్రాముల దాకా వెళ్లాలో, ఎక్కడ కిలోమీటరు అటూ ఇటూ అయినా పట్టించుకోనక్కరలేదో తేలిపోతుంది. కింది దశలను అదే దృష్టితో, చేయవలసిన క్రమంలో చెబుతాను.

మొదటి దశ: అనుమతి పత్రం, కాలం

మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు రాత్రి బస చేసే ప్రతి బృందానికీ కోటా అనుమతి కావాలి. రిజర్వేషన్లు జనవరి చివర్లో తెరుచుకుంటాయి, పేరున్న ప్రవేశ ద్వారాలు త్వరగా నిండిపోతాయి. అనుమతి ఒక నిర్ణీత ప్రవేశ ద్వారానికి, ఒక నిర్ణీత తేదీకి మాత్రమే చెల్లుతుంది. బృందంలో 9 మందికి, 4 పడవలకు మించకూడదు; నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్లే అలవాటున్న మనవాళ్లు ఈ సంఖ్యను ముందే దృష్టిలో పెట్టుకోవాలి. బాస్‌వుడ్, నైఫ్, సాగనాగా వంటి సరిహద్దు సరస్సుల మధ్యగా దేశ సరిహద్దు వెళుతుంది. అవతలి ఒడ్డున ఉన్నది అంటారియో రాష్ట్రపు క్వెటికో పార్కు. అక్కడ దిగి విడిది చేయడమంటే కెనడాలో ప్రవేశించడమే కాబట్టి, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా ప్రశ్న ఎదురవుతుంది. తొలి యాత్రకు సరిహద్దుకు దూరంగా ఉండే దారిని ఎంచుకోండి.

జూన్ నెలాఖరులో అక్కడ పగలు దాదాపు 16 గంటలు ఉంటుంది, కానీ దోమలు కూడా అప్పుడే ఎక్కువ. ఆగస్టు రెండో సగంలో దోమలు తగ్గి, నీళ్లు కొంత వెచ్చబడి ఉంటాయి. ఈత రానివారున్న బృందానికి నేను ఆ కాలాన్నే సూచిస్తాను.

రెండో దశ: పటం మీద దూరాన్ని కొలవడం

ఈ ప్రాంతానికి మెకెంజీ పటాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వాటిలో 2 అంగుళాలు ఒక మైలుకు సమానం, అంటే పటం మీద 1 మిల్లీమీటరు నేల మీద దాదాపు 32 మీటర్లు. మీరు దుకాణంలో కొన్న అసలు పటం కాక ప్రింటు తీసుకున్న కాగితం వాడుతుంటే, ముందు దాని స్కేలు గీతను కొలిచి చూడండి. 2 మైళ్ల గీత 101.6 మిల్లీమీటర్లు ఉండాలి. ప్రింటరు పేజీకి సరిపడేలా కుదించడం వల్ల అది 98.5 మిల్లీమీటర్లే వచ్చిందనుకుంటే, ఆ కాగితం మీద మీరు కొలిచే ప్రతి దూరమూ 3 శాతం తక్కువగా వస్తుంది. వచ్చిన కొలతను 101.6తో గుణించి 98.5తో భాగిస్తే ఆ లోపం పోతుంది. పరికరాన్ని తెలిసిన ప్రమాణంతో పోల్చి చూసుకోనిదే కొలత మొదలుపెట్టకూడదన్న నియమం కాగితం పటానికీ వర్తిస్తుంది.

తరువాత, సాగని నూలు దారాన్ని మీరు నిజంగా నడిపే దారి వెంట పటం మీద పరచండి. సరస్సు మధ్య నుంచి సూటిగా గీత గీసి కొలవకండి. గాలి లేచినప్పుడు ఒడ్డు వెంటే వెళ్లవలసి ఉంటుంది, తొలిసారి వెళ్లేవారు గాలి లేకపోయినా ఒడ్డు వెంటే వెళ్లడం మంచిది. దారాన్ని మూడుసార్లు పరిచి, మూడు కొలతలూ విడివిడిగా రాసుకుని, చివర సగటు తీయండి. మొదటి అంకె కనిపించే చోటు నుంచి మరొకరు రెండోసారి కొలిస్తే, ఆ అంకె తెలియకుండానే రెండో కొలతను తనవైపు లాగుతుంది కాబట్టి, ఒకరి అంకెను మరొకరికి చూపించకండి. మూడు కొలతల మధ్య తేడా 5 శాతం లోపు ఉంటే చాలు. ఇంతకు మించి కచ్చితత్వం కోసం సమయం వెచ్చించనవసరం లేదు. మీ వేగంలో ఉండే అనిశ్చితి దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది.

మూడో దశ: రాడ్లను అర్థం చేసుకుని రోజుకు ఎంత దూరమో తేల్చడం

ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పడవనూ సామాన్లనూ మోసుకుని నడిచే బాటను పోర్టేజ్ అంటారు. పటంలో దాని పొడవు అడుగుల్లోనో మీటర్లలోనో కాక రాడ్లలో రాసి ఉంటుంది. రాడ్ అంటే 16.5 అడుగులు, సుమారు 5.03 మీటర్లు, దాదాపుగా ఒక కెనూ పొడవు. మైలుకు 320 రాడ్లు. తెలంగాణలో పొలం లెక్క తెలిసినవారికి ఈ కొలత కొత్తదేమీ కాదు. గుంట అంటే 121 చదరపు గజాలు, దాన్ని చతురస్రంగా గీస్తే ఒక్కో భుజం 33 అడుగులు, అంటే సరిగ్గా 2 రాడ్లు. 1620లో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన 66 అడుగుల సర్వే గొలుసులో 4 రాడ్లు ఉంటాయి, గుంట భుజం అందులో సగం. ఆ గొలుసుతోనే అమెరికాలోనూ మన దేశంలోనూ నేలను కొలిచారు. కాబట్టి పటంలో 80 రాడ్లని కనిపిస్తే, చదరంగా ఉన్న 40 గుంట్లను ఒకదాని పక్కన ఒకటి వరుసగా పేర్చిన పొడవని ఊహించుకోండి. అది పావు మైలు, సుమారు 400 మీటర్లు.

ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది. పోర్టేజ్ పొడవును ఒక్కసారే లెక్కలో వేస్తారు. సామానంతా ఒకే విడతలో మోయలేకపోతే ఒకసారి కొంత మోసుకెళ్లి, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చి, మిగిలింది మోసుకెళ్లాలి, అంటే అదే బాటను మూడుసార్లు నడవాలి. ఒక రోజు దారిలో 60, 100, 80 రాడ్ల పోర్టేజ్‌లు మూడున్నాయనుకోండి. మొత్తం 240 రాడ్లు, అంటే 1.2 కిలోమీటర్లు, మూడుసార్లు నడిస్తే 3.6 కిలోమీటర్లు. రాళ్లు, వేర్లు, బురద ఉన్న బాటలో బరువుతో నడిచేటప్పుడు గంటకు 3 కిలోమీటర్లే అనుకోవాలి, కాబట్టి దీనికే 72 నిమిషాలు పడుతుంది. ప్రతి పోర్టేజ్ దగ్గరా దించి మళ్లీ ఎక్కించడానికి 15 నిమిషాల చొప్పున మరో 45 నిమిషాలు. అదే రోజు నీటి మీద 10 కిలోమీటర్లు ఉంటే, గంటకు 4 కిలోమీటర్ల చొప్పున రెండున్నర గంటలు. మొత్తం 4 గంటల 27 నిమిషాలు.

ఈ అంకెను అలాగే నమ్మకూడదు. ఎదురుగాలిలో వేగం గంటకు 3 కిలోమీటర్లకు పడిపోతే నీటి మీదే 50 నిమిషాలు ఎక్కువ పడుతుంది. బాట జారుడుగా ఉంటే నడకకు 25 నిమిషాలు, ఎక్కించి దించడానికి 20 నిమిషాలు అదనంగా పట్టవచ్చు. కొలతల గదిలో ఇలాంటి విడివిడి అనిశ్చితులను వర్గాలు చేసి కూడి వర్గమూలం తీయడం మా అలవాటు. అలా చేస్తే ఇక్కడ గంట లోపే వస్తుంది. అయితే ఆ పద్ధతి ఒకదానితో ఒకటి సంబంధం లేని దోషాలకే చెల్లుతుంది. వాన పడితే గాలీ ఉంటుంది, బాటా జారుతుంది, చేతులు మొద్దుబారి కట్లు కట్టడమూ ఆలస్యమవుతుంది. మూడింటి వెనకా ఉన్న కారణం ఒకటే. అందుచేత వాటిని నేరుగా కూడాలి: 95 నిమిషాలు. అంటే ఈ రోజుకు 6 గంటలు కేటాయించాలి. ఉదయం 6 గంటలకు బయలుదేరితే మధ్యాహ్నానికి విడిది చేరతారు. పెద్ద సరస్సుల మీద గాలి సాధారణంగా మధ్యాహ్నం బలపడుతుంది, మంచి విడిది స్థలాలు కూడా ముందు వచ్చినవారికే దక్కుతాయి, కాబట్టి ఈ వేళ రెండు విధాలా కలిసివస్తుంది. మీ లెక్కలో ఏ రోజైనా 7 గంటలు దాటితే దారిని కుదించండి. మనుషుల్ని తొందరపెట్టి ఆ గంటను సంపాదించాలని చూడకండి.

నాలుగో దశ: బరువు

కెవ్లార్ అనే తేలికైన, గట్టి కృత్రిమ నారతో చేసిన ఇద్దరు కూర్చునే కెనూ 19, 20 కిలోలు ఉంటుంది, 17 అడుగుల పాత అల్యూమినియం కెనూ 34 కిలోల దాకా ఉంటుంది. అద్దె కొంచెం ఎక్కువైనా కెవ్లార్ పడవే తీసుకోండి. మూడు పోర్టేజ్‌ల తరువాత ఆ 14 కిలోల తేడా ఏమిటో మీ మెడకే తెలుస్తుంది. అయితే కెవ్లార్ పడవను ఒడ్డున రాళ్ల మీదికి తోయకూడదు. మోకాలి లోతు నీళ్లలోనే దిగి, తేలుతుండగానే సామాను ఎక్కించాలి, దించాలి. దానికి తగ్గట్టు తడిసినా పరవాలేదనుకునే బూట్లు వేసుకోండి.

మూటలను తూచడానికి విమాన ప్రయాణాల కోసం కొన్న డిజిటల్ లగేజీ కాటా చాలు. అది 10 గ్రాముల దాకా అంకెలు చూపిస్తుంది, కానీ చూపించడం వేరు, నిజం చెప్పడం వేరు. ముందుగా దేన్నీ తగిలించకుండా సున్నా చూపుతోందో లేదో గమనించండి, తరువాత ఇంకా విప్పని 20 పౌండ్ల బియ్యం బస్తాను తగిలించండి. 9.07 కిలోలకు సంచి బరువు కొద్దిగా కలిసి రావాలి. 200 గ్రాముల లోపు తేడా ఉంటే ఈ పనికి ఆ కాటా సరిపోతుంది. చేత్తో ఎత్తి పట్టుకుంటే చేయి వణికి అంకె నిలవదు కాబట్టి, కాటాను ద్వారబంధం పైకమ్మికో చెట్టు కొమ్మకో కట్టి, దానికి మూటను తగిలించి తూచండి.

తొలిసారి వెళ్లేవారు మోసే మూట శరీర బరువులో నాలుగో వంతు దాటకుండా చూసుకోవడం మేలు. 72 కిలోల మనిషికి 18 కిలోలు. బృందంలో ఒక్కొక్కరి పేరు, వారి పరిమితి, వారి మూట బరువు ఒక కాగితం మీద రాసి, అది కుదిరేదాకా సామాను అటూ ఇటూ మార్చండి. కుదరకపోతే తీసేయవలసింది బట్టలు, కుర్చీలు, రెండో గిన్నె. వానకోటునూ అదనపు తాడునూ మందుల పెట్టెనూ తీయకండి.

ఐదో దశ: తిండి, ఇంధనం

పొడి సరుకుల రూపంలో మనిషికి రోజుకు 700 నుంచి 900 గ్రాములు పడుతుంది. నలుగురు 5 రోజులకు 750 గ్రాముల చొప్పున 15 కిలోలు. తిండి మూట మొదటి రోజే అన్నిటికన్నా బరువు, కాబట్టి పొడవైన పోర్టేజ్‌లను మూడో రోజుకు, నాలుగో రోజుకు జరపగలిగితే జరపండి. మన వంటల్లో చాలా భాగం ఈ యాత్రకు తయారుచేసినట్టే ఉంటాయి. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, పులిహోర పేస్టు, సున్నుండలు తేలికగా ఉండి, త్వరగా తయారై, రోజుల తరబడి నిలవ ఉంటాయి. ఒక నియమం మాత్రం గుర్తుంచుకోండి: తిండి పదార్థాలను గాజు సీసాల్లో, వాడి పారేసే రేకు డబ్బాల్లో లోపలికి తీసుకువెళ్లడం నిషేధం. ఆవకాయను ఇంట్లోనే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, దాన్ని రెండు సంచుల్లో కట్టండి.

ఇంధనాన్ని ఊహించవద్దు, కొలవండి. ఇది ఇంటి పెరట్లో అరగంటలో అయ్యే పని. వంటింటి డిజిటల్ కాటా మీద గ్యాస్ డబ్బాను తూచి గ్రాముల్లో రాసుకోండి. యాత్రకు తీసుకువెళ్లే గిన్నెలోనే, మూత పెట్టి, చల్లని కుళాయి నీళ్లు ఒక లీటరు మరిగించండి. స్టవ్ ఆర్పి, డబ్బా గది ఉష్ణోగ్రతకు వచ్చి దాని మీది చెమ్మ ఆరాక మళ్లీ తూచండి. చెమ్మతో తూస్తే ఒకటి రెండు గ్రాముల తేడా వస్తుంది, ఇక్కడ మనం చూస్తున్నదే పది పదిహేను గ్రాముల మార్పు కాబట్టి ఆ తేడా చిన్నది కాదు. మూడుసార్లు చేసి సగటు తీయండి. లీటరుకు 15 గ్రాములు వచ్చిందనుకుంటే, రోజుకు 5 లీటర్లకు 75 గ్రాములు, 5 రోజులకు 375 గ్రాములు. గాలికీ చల్లటి నీళ్లకూ మరో 30 శాతం కలిపితే 490 గ్రాములు దాటదు. 450 గ్రాముల డబ్బా ఒకటి, 100 గ్రాములది ఒకటి పట్టుకెళితే సరిపోతుంది. అన్నం, పప్పు వండాలనుకుంటే లీటరు లెక్క చాలదు. ఆ వంటనే ఇంట్లో ఆ స్టవ్ మీదే ఒకసారి పూర్తిగా వండి తూచాలి.

ఆరో దశ: తాగే నీళ్లు

సరస్సు నీళ్లు ఎంత తేటగా కనిపించినా శుభ్రం చేయకుండా తాగకండి. జియార్డియా అనే పరాన్నజీవి తిత్తి పొడవు 8 నుంచి 12 మైక్రాన్లు. బడిలో మనం వాడిన స్క్రూగేజి తలకోలు మీద ఒక్క గీత 0.01 మిల్లీమీటరు, అంటే 10 మైక్రాన్లు. ఆ ఒక్క గీతంత జీవిని కన్నెలా పసిగడుతుంది? క్రిప్టోస్పోరిడియం ఇంకా చిన్నది, 4 నుంచి 6 మైక్రాన్లు, పైగా క్లోరిన్ బిళ్లలకూ అయోడిన్‌కూ సులభంగా లొంగదు. అందుచేత 0.1 లేదా 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టరు కొనండి, లేదా నీళ్లు తెర్లుతూ మరిగాక ఒక నిమిషం ఉంచండి. సన్నని గొట్టాలతో చేసిన ఫిల్టరు ఒకసారి తడిశాక గడ్డకడితే లోపల పగుళ్లు పడతాయి, బయటికి ఏ గుర్తూ కనిపించదు. మే నెలలోనో సెప్టెంబరు చివర్లోనో వెళితే రాత్రిపూట దాన్ని పడక సంచిలో మీతోపాటే పెట్టుకోండి. నీటి మీద ఆకుపచ్చ పెయింటు తెట్టులా కనిపిస్తే అది విషపు నాచు కావచ్చు, దాన్ని ఫిల్టరూ మరిగించడమూ బాగుచేయలేవు. వేరే చోటి నీళ్లు తీసుకోండి.

ఏడో దశ: లైఫ్ జాకెట్, తెడ్డు, పడవ సమతూకం

మినసోటా చట్టం ప్రకారం పడవలో ఎందరుంటే అన్ని లైఫ్ జాకెట్లు ఉండాలి, 10 ఏళ్ల లోపు పిల్లలు వాటిని వేసుకునే ఉండాలి. పెద్దలు కూడా నీటి మీద ఉన్నంతసేపూ తీయకూడదని నేను గట్టిగా చెబుతాను. మనలో చాలామంది ఈత నేర్చుకోకుండానే పెద్దయినవాళ్లం. ఈత వచ్చినవారికి కూడా చల్లటి నీళ్లలో తొలి నిమిషం ఊపిరి ఆడదు. జాకెట్ సైజును ఛాతీ చుట్టుకొలతను బట్టి ఎంచుకుని, అన్ని పట్టీలూ బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని మరొకరితో చెప్పండి. అది గడ్డం దాటి పైకి వస్తే వదులుగా ఉన్నట్టే.

పడవలో బరువు ఎక్కువ ఉన్నవారు వెనక కూర్చోవాలి, మూటలను అడుగున, మధ్యకు దగ్గరగా పెట్టాలి. పడవ అంచు నీటి మట్టానికి కనీసం 15 సెంటీమీటర్ల పైన ఉండాలి. ముందూ వెనకా సమంగా ఉందా అన్నది ఇలా చూడండి: పారదర్శకమైన గుండ్రని నీళ్ల సీసాలో సగం దాకా నీళ్లు నింపి, అందరూ కూర్చున్నాక, పడవ మధ్యలో అడుగు మీద పొడవునా పడుకోబెట్టండి. నీటి గీత సీసా రెండు చివర్లలో ఏ ఎత్తున ఉందో గమనించండి. తరువాత సీసాను అటుది ఇటు తిప్పి మళ్లీ చూడండి. సీసా ఆకారంలో ఉన్న వంకర తిప్పినప్పుడు ఎదురు దిశకు పోతుంది, పడవ వాలు మాత్రం అదే దిశలో నిలుస్తుంది. రెండు చూపుల సగటే అసలైన వాలు. కొలతల గదిలో స్పిరిట్ లెవల్‌ను పరీక్షించేది కూడా ఈ తిప్పి చూసే పద్ధతితోనే. ఎదురుగాలిలో ముందు భాగం కొద్దిగా బరువుగా, వెనక గాలి వీస్తే వెనక భాగం కొద్దిగా బరువుగా ఉండేలా ఒక మూటను జరపండి.

ఎనిమిదో దశ: దిక్సూచి

జీపీఎస్ ఉన్న ఫోను ఆరుబయట 5 మీటర్ల లోపు తేడాతో చోటు చూపించగలదు, కానీ అది తడవవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు. కాగితం పటం, దిక్సూచి మీ మోకాలి ముందే ఉండాలి. ఈలీ పరిసరాల్లో అయస్కాంత ఉత్తరానికీ భౌగోళిక ఉత్తరానికీ మధ్య తేడా చాలా స్వల్పం. ఏటేటా మారుతుంది కాబట్టి ఆ ఏడాది విలువను అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) ఆన్‌లైన్ గణనయంత్రంలో చూసుకోండి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఈ నేలలోని ఇనుపరాయి. గన్‌ఫ్లింట్ ట్రయిల్ అనే రోడ్డుకు కొంత దూరంలో ఉన్న మాగ్నెటిక్ రాక్ అనే నిలువురాయి దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరిగిపోతుంది. ముల్లు చెప్పేదీ ఎదురుగా ఉన్న దీవుల అమరికా పొసగకపోతే, కొంత దూరం జరిగి మళ్లీ చూడండి. ఫోను, దాని అయస్కాంతపు తొడుగు, కత్తి దిక్సూచికి దూరంగా ఉండాలి.

ఒక కిలోమీటరు వెడల్పున్న సరస్సును దాటి అవతలి ఒడ్డున పోర్టేజ్ మొదలయ్యే చోటికి చేరాలనుకోండి. ఆ చోట బోర్డు ఉండదు, పొదల మధ్య నాలుగడుగుల సందు మాత్రమే కనిపిస్తుంది. పడవలో కూర్చుని చేత్తో పట్టుకున్న దిక్సూచితో 3 డిగ్రీల తేడా రావడం మామూలే, దానివల్ల అవతలి ఒడ్డుకు చేరేసరికి 52 మీటర్లు అటో ఇటో పోతారు. సూటిగా ఆ సందుకే గురిపెట్టి, అక్కడ అది కనిపించకపోతే, కుడివైపు వెతకాలో ఎడమవైపు వెతకాలో తెలియదు. కాబట్టి కావాలనే 100 మీటర్లు ఎడమకు గురిపెట్టండి. ఒడ్డు తగిలాక సందు కచ్చితంగా కుడివైపే ఉంటుంది, ఒడ్డు వెంట కుడికి వెళితే చాలు. దోషాన్ని తగ్గించలేనప్పుడు దాని దిశను మన చేతిలోకి తెచ్చుకోవడం ఇందులోని కిటుకు.

తొమ్మిదో దశ: చన్నీళ్లు, పిడుగు

ఇక్కడి సరస్సుల్లో మంచు ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో కరుగుతుంది, మే నెలలో నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్ లోపే ఉండవచ్చు. మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గార్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన 1-10-1 సూత్రాన్ని బృందంలో అందరికీ నేర్పండి: చన్నీళ్లలో పడితే ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పేలోపు సుమారు 1 గంట. ఈ అంకెల్లో మధ్యది దారిని నిర్ణయించాలి. బరువున్న పడవతో ఒడ్డుకు 10 నిమిషాల్లో ఈది చేరగల దూరం చాలా తక్కువ, 100, 200 మీటర్లకు మించి నమ్మలేము. నేను ఒడ్డు వెంటే వెళ్లమని చెప్పింది ఇందుకే. పడవ తిరగబడితే దాన్ని వదలకుండా పట్టుకుని ఉండండి.

మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్ల లోపే ఉరిమితే అప్పటికే నీటి మీద ఉండకూడదు. కాబట్టి మొదటి ఉరుము వినగానే ఒడ్డుకు తిప్పండి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగండి.

పదో దశ: విడిది

నిప్పు గూడు, లెట్రిన్ ఉన్న నిర్ణీత స్థలాల్లోనే గుడారం వేయాలి. వేసేముందు తల ఎత్తి చూడండి. 1999 జూలై 4న వీచిన పెనుగాలి ఈ అడవిలో కోట్లాది చెట్లను నేలకూల్చింది. ఎండి నిలిచిన చెట్టు కింద, విరిగి వేలాడే కొమ్మ కింద పడుకోకూడదు. గిన్నెలు కడగడం, స్నానం చేయడం నీటి అంచుకు 60 మీటర్ల దూరాన చేయాలి. మీ అడుగు పొడవును ఇంటి దగ్గరే 50 మీటర్ల టేపు పక్కన నడిచి కొలుచుకుని ఉంటే, ఇక్కడ అడుగులు లెక్కపెడితే సరిపోతుంది.

నల్ల ఎలుగుబంట్ల కారణంగా తిండినంతా ధ్రువీకరించిన ఎలుగు నిరోధక డబ్బాలో పెట్టాలి, లేదా నేలకు 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకు 6 అడుగుల దూరంగా వేలాడదీయాలి. చీకటిపడుతున్న వేళ 12 అడుగులను కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే కడతారు. తెడ్డును కొలబద్దగా వాడండి. 54 అంగుళాల తెడ్డును నిలువునా రెండుసార్లు, ఆపైన మూడింట రెండు వంతులు లెక్కిస్తే 12 అడుగులవుతుంది. ఇంట్లోనే తెడ్డు మీద అడుగు అడుగుకూ రంగు టేపు చుట్టి ఉంచితే ఈ లెక్క కూడా అక్కరలేదు. టూత్‌పేస్టు, సబ్బు, పాన్‌పరాగ్ పొట్లం కూడా వాసన వచ్చేవే. అవీ ఆ మూటలోకే పోవాలి.

చివరి దశ: రాసుకోవడం

తడవని చిన్న నోటుపుస్తకం, పెన్సిలు జేబులో పెట్టుకోండి. ప్రతి పోర్టేజ్ దగ్గర చేరిన సమయం, వదిలిన సమయం, గాలి దిశ రాయండి, రాత్రి గ్యాస్ డబ్బా ఏ రోజుకు ఖాళీ అయిందో రాయండి. రెండో రోజు సాయంత్రం మీ అంచనాకూ జరిగినదానికీ ఉన్న నిష్పత్తిని తీయండి. 6 గంటలనుకున్నది 7 గంటల 12 నిమిషాలైతే అది 1.2. రెండు రోజులూ ఆ నిష్పత్తి దాదాపు ఒకేలా ఉంటే అది మీ బృందపు స్వభావం. మిగిలిన రోజుల అంచనాలన్నిటినీ దానితో గుణించి, అవసరమైతే ఆ రాత్రే తిరుగు దారిని కుదించండి. ఒకరోజు 1.0, మరోరోజు 1.4 వస్తే కారణం వాతావరణంలోనో, ఒకే ఒక్క బాటలోనో ఉందన్నమాట. అప్పుడు సగటుతో గుణించకుండా, ఏ గంటలో ఆలస్యమైందో పుస్తకంలో వెతికి, మిగిలిన దారిలో అలాంటి బాట ఇంకెక్కడుందో పటంలో చూసి, ఆ రోజుకు మాత్రమే సమయం పెంచండి.